పేరెత్తితే పోయేది

ఆ గుర్రానికి నలభై ఐదు ప్రాణాలు రాసుకున్నాను,
పెన్సిలుతో,
థింగేరి చేపల ఫ్యాక్టరీ షిఫ్టుల కాగితం వెనక.
చర్మానికి రక్షణ పద్నాలుగు. కాటుకి ఒక పాచిక.
గిట్టలు వెనక్కి తిరిగి ఉంటాయి,
దానికి ఏ అంకె వెయ్యాలో తోచక
పక్కన చిన్న బొమ్మ గీశాను.
పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలాను.
అది మరిచిపోయి కాదు.

బయట మంచు అడ్డంగా కురుస్తోంది.
కొండదారి మూసేశారు.
సహాయక దళం గదిలో గోడకి తాళ్లు, హెల్మెట్లు,
వాటి కింద బల్ల, బల్ల మీద చల్లారిన కాఫీ,
ఇరవై ముఖాల పాచిక.

నలభై ఏళ్లు ట్రాలరు మీద అరిచిన కేటిల్
ఆటలో మూగ సన్యాసి.
బడిలో వంట చేసే స్వాన్లీగ్ మంత్రగత్తె.
హ్లినుర్‌కి పదహారు, ఎడారి నగరపు దొంగ.
బోగుమీవా పోలండు నుంచి వచ్చి రెండేళ్లు,
గొడ్డలి పట్టిన మరుగుజ్జు.

"సరస్సు ఒడ్డున బూడిదరంగు గుర్రం," అన్నాను.
"జీను లేదు. చాలా మచ్చిగ్గా ఉంది."

ముగ్గురి ఊపిరి ఒక్కసారే ఆగింది.
ఇక్కడ పుట్టినవాళ్లకి పాలపళ్లు ఊడకముందే తెలుసు:
ఎక్కకు.
ఎక్కితే, పేరెత్తు. పేరు వింటే అది నీళ్లలోకి పోతుంది.

కానీ సన్యాసికి తెలియదు కదా.
ఎడారి దొంగ సరస్సు చూడటమే మొదటిసారి.
నీకు తెలిసింది నీ మనిషికి తెలియదు,
ఈ బల్ల దగ్గర నేను ఎన్నడూ సడలించని నియమం.

అందుకని ఎక్కారు.
నిజాయితీగా, ఒకరి వెనక ఒకరు.
ప్రతి ఒక్కరికీ చోటిస్తూ వీపు పొడుగు సాగింది.
అరచేతులు చర్మానికి అతుక్కున్నాయి.
నీళ్లు మోకాళ్ల దాకా.
నీళ్లు నడుం దాకా.

నోట్లో నువ్వుగింజ నానని హ్లినుర్
పెదవి కొరుక్కుంటూ కూచున్నాడు.
స్వాన్లీగ్ గొంతులో ఆ పేరు
పైకి వచ్చి, కిందికి పోవడం నాకు కనిపించింది.
కేటిల్ బల్ల అంచుని బొటనవేలితో రుద్దుతున్నాడు,
అక్కడేదో మరక ఉన్నట్టు.

"నీ వంతు," అన్నాను బోగుమీవాతో.

పన్నెండు గంటలు కాడ్ చేపలు కోసిన చేయి.
మణికట్టు వాచింది.
పాచిక వైపు చూసింది, అదేదో పెద్ద బండ అయినట్టు.
ఈ భాషలో ఎవరూ నేర్పకుండానే
భోజనాల గదిలో కుర్రాళ్ల నోట విని పట్టుకున్న
మొదటి మాట అంది:

"నెన్ని ఎక్కి."

ఓపిక లేదు, మనసు రావట్లేదు, నన్ను వదిలెయ్యండి,
అంతే దాని అర్థం.
కానీ ఆ గుర్రం రెండో పేరులో సగం
అందులోనే ఉంది.
సగం పేరుకే జడిసి పారిపోయిందని మా అమ్మమ్మ చెప్పేది.

ఎవరూ నవ్వలేదు.
అన్నది మరుగుజ్జు కాదు, అలిసిపోయిన మనిషి.
నియమం ప్రకారం అది చెల్లదు.
కాగితం చూశాను. నలభై ఐదు,
ఒక్కటీ తగ్గలేదు.

"గుర్రం," అన్నాను, "చెవులు నిక్కించింది."

నలుగురినీ ఒడ్డుకి విసిరి
తల ముందుగా మునిగిపోయింది.
"నేనేం చేశాను?" అంది బోగుమీవా.
నేను నోరు తెరిచేలోగా
సాయంత్రం నుంచీ పలకని కేటిల్ అన్నాడు:
"ఇప్పుడే చెప్పకు. కాసేపు ఉండనీ."

సరే, అయితే ఒడ్డున జాడలు వెతుకుతానంది ఆమె.
ఈసారి పాచిక తనే వేసింది.
పంతొమ్మిది.
ఇక దాచడానికి లేదు. చెప్పాను:

తడి ఇసకలో గిట్టల గుర్తులు చక్కగా ఉన్నాయి.
అన్నీ నీళ్లలోంచి
మన వైపే వస్తున్నాయి.