లాగి చూసినాక

కాశీబుగ్గ బస్టాండు ఎదురు సందులో
ఢిల్లేసు కొట్టు.
నేల మీద మూడు జనరేటర్లు
సంతలో కట్టేసిన పొట్టేళ్ళలాగ
మొహాలు ఒకేపక్కకి పెట్టుకుని.

"ఏటేటి నడవాలమ్మా మీ ఇంట్లో?"
కాయితం తీసేను.
గుంటడి లెక్కల బుక్కులో చివరి పేజీ.
ఫ్రిజ్జు. రెండు లైట్లు. ఒక ఫేను. సెల్లులు.
"బోరు మోటారు" అన్నాడు మా ఆయన వెనకనుంచి.
కాయితంలో అది లేదు.

ఢిల్లేసు కేలుకులేటరు నొక్కేడు.
"ఫ్రిజ్జు నడుస్తున్నప్పుడు నూటయాభై వాట్లే,
లేచినప్పుడు మాత్రం ఆరొందలడుగుతాది.
మోటారైతే లేవడానికే రెండువేలు దాటుతాది.
ఏ మిషనైనా అంతేనమ్మా,
నడవడానికి కొంచెం చాలు,
లేవడానికే బలం కావాల."
మా అత్త మోకాళ్ళు గుర్తొచ్చి
నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

తుపాను ఏడు
కరెంటు స్తంభాలు కొబ్బరిచెట్ల మీద,
కొబ్బరిచెట్లు స్తంభాల మీద.
జీడితోటలన్నీ ఒకే పక్కకి తిరిగి పడుకున్నాయి.
పద్దెనిమిది రోజులు.
మూడో రోజుకే ఫ్రిజ్జు ఉత్త బీరువా.
గుంటడి ఇన్సులిన్ సీసాలు
ముంతలో పెట్టి, ముంతని కుండలో పెట్టి,
మధ్యన ఇసక పోసి, తడిగోనె చుట్టి
గంటగంటకీ నీళ్ళు చల్లేను.
రాత్రి లేచి కుండ మీద చెయ్యేసి చూసేదాన్ని,
జొరమొచ్చిన పిల్లోడి నుదురు చూసినట్టు.

ఎవడో ఆటోలో జనరేటరెట్టుకొచ్చేడు.
సెల్లుకి ఇరవై, నీళ్ళ ట్యాంకుకి అయిదొందలు.
లైన్లో నిలబడి నింపుకున్నాను.
ఫోను నిండింది.
టవరు లేదు.

పెద్దది బాగుందంటాడు మా ఆయన.
పసుపు రంగు, కింద చక్రాలు.
"కొంటే ఒకేపాలి కొనాల."
మధ్యది చవక. ఏదైనా పాడైతే విజయవాడ పంపాలట.
చిన్నది సూట్‌కేసులా ఉంది.
గొంతు తక్కువ, ధర ఎక్కువ.

"పెట్రోలెంత తాగుతాది?"
"పెద్దది గంటకి లీటరున్నర. చిన్నది అరలీటరు లోపే."
బంకులో పంపు కూడా కరెంటుదే.
ఆ మాట కొట్లో ఎవరూ అనలేదు.
ఖాళీ సీసా పట్టుకుని ఆ బంకు ముందు
ఒక పూటంతా నిలబడ్డదాన్ని, నాకు తెలుసు.

"ఇంట్లో మాత్రం ఎట్టకండి.
తలుపులు తెరిచినా సరే, ఒద్దు.
ఆ పొగలో వాసన్లేని విషముంటాది.
మా బావమరిదోళ్ళ వీధిలో..."
అక్కడికి ఆపేసి గుడ్డతో టేంకు మూత తుడిచేడు.

"లాగి చూస్తారేటి?"
మా ఆయన లాగేడు.
ఒక్క లాగుకే లేచింది పెద్దది.
కొట్టంతా వణికింది, గోడ మీద కేలండరు ఊగింది.
అతని మొహంలో కొత్త పెళ్ళికొడుకు కళ.

నాను లాగేను. మూడుసార్లు.
జీడిపిక్కలు కొట్టి కొట్టి అరిగిన భుజం
ఒప్పుకోలేదు.
"ఆయనుంటాడు కదమ్మా" అన్నాడు ఢిల్లేసు.
ఆయన ఏడాదికి ఎనిమిది నెలలు
వెరావల్‌లో బోటు మీద ఉంటాడు.
తుపాను నెలలూ అవే.
దానికి కేలుకులేటరు అక్కర్లేదు.
మా ఆయన చేతిలో తాడు ఒగ్గేసేడు.

చిన్నది లాగేను.
రెండో లాగుకి అందుకుంది.
పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నంత చప్పుడు.

"బోరుకి చాలదు."
"నుయ్యుంది కదా."
"పూడిపోయింది కదే!"
"తీయించు, ఎళ్ళేలోపు."

ఏటీ అనలేదు. వేళ్ళ మీద
బండెక్కడానికి ఇంకెన్ని రోజులో లెక్కెట్టుకున్నాడు.

డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చినాక
గోడకి వేలాడుతున్న ఆరు సాకెట్ల బోర్డు
అదీ దించమన్నాను.
"మీ ఇంట్లో అన్ని సెల్లులున్నాయేటమ్మా?"
రెండే ఉన్నాయి.
సెల్లుకెంత తీసుకోవాలో
ఇంకా అనుకోలేదు.
ఇరవైయంటే మాత్రం ఎక్కువే.