నాలుగో మూల

లాలాగూడ యార్డు వెనక, పట్టాల మలుపులో
పాత స్లీపర్లు ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన గది.
ఒకప్పుడు గ్యాంగు సామాను పెట్టుకునేవాళ్లట.
ఇప్పుడు రెండు కుక్కలు, ఒక అద్దం లేని లాంతరు.
కొత్త బ్రిడ్జి కాలు సరిగ్గా అక్కడే దిగాలి.
జేసీబీకి గంటకు పన్నెండు వందలు.
కాగితం మీద సంతకం నాది.

బకెట్టు ఎత్తబోతుంటే అడ్డంగా వచ్చి నిలబడ్డాడు
వడ్ల మోనాచారి. డెబ్బై ఏళ్ల సన్నటి మనిషి,
చెవి మీద పెన్సిలు, చంకలో గోనెసంచి.
"ఇది కూలగొట్టేది కాదు బిడ్డా, ఇప్పేది."

మేకు ఒక్కటి లేదు. మూలకు గుంజ లేదు.
ఈ దుంగ సగం తగ్గింది,
ఆ దుంగ సగం తగ్గింది,
తగ్గిన చోటే రెండూ కూర్చున్నాయి.
చివర్లు మాత్రం బయటికి,
బంతిలో ఇరుక్కుని తింటున్నవాళ్ల మోచేతుల్లా.

సుద్దతో అంకెలు వేశాం, పైనుంచి కిందికి.
తూర్పు ఒకటి, తూర్పు రెండు, ఉత్తరం ఒకటి...
కొయ్యసుత్తితో అడుగునుంచి తడితే
గాడిలోంచి పాత తారు వాసన లేచేది.
మూడు మూలలు గొడవ లేకుండా విడిపోయాయి,
తిన్నాక విస్తరి ముందునుంచి లేచినట్టు.

నాలుగో మూల దగ్గర ఆయన చెయ్యి ఆగింది.
ఐదో వరసలో బొటనవేలంత బద్ద.
పట్టుకోగానే ఊడొచ్చింది, పాలపన్నులా.
"ఇది నా తప్పు" అన్నాడు.

పద్నాలుగేళ్లప్పుడు గాడి గోరంత ఎక్కువ చెక్కాడట.
దస్తగీర్ ఉస్తాద్ తిట్టలేదట.
మద్దిముక్క ఒకటి చెక్కి సందులో దిగగొట్టి
"పైన బరువు పడనీ, అదే సర్దుకుంటది" అన్నాడట.
సర్దుకుంది. ఏ ఏడో, ఏ ఎండాకాలమో.
బద్దకు పని లేకుండా పోయింది.
అది మాత్రం యాభై ఆరేళ్లు
డ్యూటీలోనే ఉంది.

పారేద్దామా అన్నాను.
చొక్కా జేబులో వేసుకున్నాడు.

మౌలాలిలో, స్టోరు గోడ పక్కన మళ్లీ పేర్చాం.
మధ్యలో ఒక వాన. సుద్ద సగం కరిగిపోయింది,
అయినా గాడులు వాటి దుంగల్ని గుర్తుపట్టాయి.
ఐదో వరసలో, అదే మూలలో,
గోరంత వెలుతురు లోపలికి వచ్చింది.

మోనాచారి నన్నేమీ అనలేదు.
జేబులోంచి తీశాడు, ఉమ్మితో తడిపాడు,
సందులో ఆనించి పట్టుకుని
సుత్తి నా చేతికిచ్చాడు.
"నువ్వు కొట్టు. మెల్లగ."