ఆరు సెకన్లు

మా కొండ పేరుకి అర్థం మామిడిచెట్టు.
ఆ చెట్టు ఎప్పుడు పోయిందో
జురేమాకి కూడా తెలీదు.
ఆమె డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన
పద్నాలుగు మందిమి, ఒక టీవీ,
పక్కింటి నుంచి లాగిన కరెంటు తీగ.

కింద స్టేడియం
పొయ్యి మీద మరిచిపోయిన మూకుడులా ఎర్రగా కాగుతోంది.
ముందు ఆకాశంలో పేలుతుంది.
కిటికీ రెక్క అదురుతుంది, కుక్క మంచం కిందికి దూరుతుంది.
ఆరు సెకన్లాగి
అదే వెలుగు టీవీలో పూస్తుంది
బుద్ధిగా, వ్యాఖ్యాత అనుమతితో.

"ఇప్పుడొస్తుంది తైనా."
ఆకుపచ్చ గుడ్డల్లో మూడొందల మంది
అడవిలా ఊగుతున్నారు.
నాలుగు నెలల రిహార్సలు, జీతం లేదు,
రోజుకో రొట్టె, బస్సు టిక్కెట్టు,
మడమల మీద బొబ్బలు.
ఎడమ నుంచి మూడో వరస, చివరి కొమ్మ
మా తైనా.

కెమెరా పైనుంచే చూసింది.
అడవి కనిపించింది.
ఆకు కనిపించలేదు.

మళ్లీ చూపిస్తారేమోనని మేం టీవీకి అతుక్కుపోతే
జురేమా లేచి పిట్టగోడ దగ్గరికెళ్లింది.
"అక్కడ్నుంచి ఏం కనబడుతుందే?"
"మీరు చూసేది అప్పుడే అయిపోయింది.
నా పిల్ల ఇంకా అక్కడే ఉంది,"
అని చేతిలోని మసిగుడ్డ
ఆ వెలుగు కేసి ఊపింది.

తర్వాత దేశాలు నడిచాయి.
ముగ్గురే ఉన్న దేశానికి
మా డాబా అంతా లేచి చప్పట్లు కొట్టింది.

రెండు దాటాక తైనా వచ్చింది
చెప్పులు చేత్తో పట్టుకుని.
చల్లారిన చిక్కుడుగింజల అన్నం
గిన్నెలోంచే తింటూ అడిగింది,
"కనిపించానా?"
"నువ్వొక్కదానివే కనిపించావు," అంది జురేమా.

దిండు గలేబుకి అంటిన ఆకుపచ్చ
మూడుసార్లు ఉతికినా పోలేదు.