అవతలి ఒడ్డు రేంజి

మా ఊరు మహారాష్ట్రల ఉంటది,
మా రేంజి తెలంగాణల.
నడుమ ప్రాణహిత.

ఇసుకల పది అడుగులు దిగితే ఒక గీత వస్తది,
ఇంకో నాలుగు దిగితే రెండు.
మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడితే
అవతలి టవరు నన్ను గుర్తుపట్టి
తెలుగుల స్వాగతం చెప్తది.
తడిసిన చీరతోని వెనక్కి తిరుగంగనే
ఆప్లే స్వాగత్ అంటది ఇంకోటి.
పొద్దటిసంది ఆరుసార్లు స్వాగతమైంది నాకు.
నేను ఊరు దాటింది లేదు.

ఆరోహి రెండు గిన్నెల కిచిడి తిన్నది,
మూతి తుడిచింది నేనే.
ఫోన్ల మాత్రం ఇంకా తినలే.
గుండ్రం తిరుగుతనే ఉన్నది,
పిండి రాలని ఇసుర్రాయి లెక్క.
తొమ్మిది కిలోల రెండొందలు అని కొడితే
పున్హా ప్రయత్న కరా అంటది.
మళ్ల చెయ్యాల్నట.
పిల్లను మళ్ల జోకాల్నా, మళ్ల కనాల్నా?

దాని తల్లి మొఖం కూడ కావాలట.
సునంద మిరపకాయలేరవోయింది, ఏటి అవతలికి,
ఉగాదికి గాని రాదు.
పోయిన నెల ఒక్కపూట వస్తే
అంగన్‌వాడి గోడకు నిలబెట్టి ఫోను పట్టిన.
రెప్ప కొట్టుమన్నది.
ఘాటుకు వాచిన కండ్లు,
మూస్తే తెరుచుకోలే, తెరిస్తే నీళ్లు.
పోలిక కుదరలేదన్నది.
"మరి నేనెవర్నక్కా?" అన్నది సునంద.
నేను ఫోను దిక్కే చూస్తున్న అప్పుడు.
అది యాదికొస్తే ఇప్పటికీ తల ఎత్తబుద్ది కాదు.

రాత్రి కూడ గంతే.
రేంజి లేదని తెలుసు, అయినా
దిండు కిందికి చెయ్యి పోతది.
వెలిగిస్త, ఖాళీ గీతలు చూస్త, పెడ్త.
మోగకుంటనే తొడ మీద జుమ్మంటది.
బాలింతలు నిద్రల పక్కన పిల్లను తడుముకుంటరు గిట్లనే.
నేను దీన్ని.

గురువారంసంది మదనయ్యకు ఇస్తున్నం.
చేపల గంపల ఏడు ఫోన్లు,
నాది, రేషన్ దుకాణపుది, అద్దం పగిలి టేపేసిన రోషన్‌ది,
మిగిలినయి ఎవరెవరియో.
తలా పది రూపాయలు.
అవతలి ఒడ్డున వడియాల లెక్క పరుస్తడు,
పోవాల్సినయి అవే పోతయట.

ఆ రెండు గంటలు
చేతులు యాడ పెట్టుకోవాల్నో తెల్వదు.
రోషన్ బొటనవేలు ఉత్తగాలిని రుద్దుతది.
నేను నడుముకాడ చెక్కే జాగ తడుముకుంట.
ఏరు మంచిగనే పారుతుండొచ్చు,
నేను చూడలే, పడవనే చూసిన.
ఆరోహి పెంకాసొకటి చెవికి పెట్టుకొని
అమ్మతోని చానా సేపు ముచ్చట పెట్టింది.
దానికి రేంజి దొరికినట్టుంది.

పొద్దూకంగ పడవ మళ్లింది.
నడి ఏట్ల ఉండంగ మోగుడు షురువైంది,
ఒకటి, ఎనుక ఇంకోటి, ఏడింటికి ఏడు,
చేపల గంపల, నీళ్ల మీద.
"ఎత్తు కాకా!" అని ఒర్రిండు రోషన్.
ఎట్ల ఎత్తుతడు,
సుడికాడ తెడ్డు విడిస్తే?

ఒడ్డుకొచ్చినకొద్ది ఒక్కొక్కటే నోరు మూసుకున్నయి.
నాది ఆఖరుకు.
చేతిలకొచ్చేసరికి ఇంకా వెచ్చగనే ఉన్నది, నీసు వాసన.
సునంద. నాలుగుసార్లు.

చీర కుచ్చెళ్లు పైకి చెక్కి
మళ్ల నీళ్లల్లకు దిగిన.