ఆరడం

వూలి వానలు ఈసారి పదిరోజులు ముందే దిగాయి.
పెంబా దీవిలో ఈ వాన కురవదు,
కారుతుంది,
చిల్లుపడ్డ పడవలోకి నీరు ఊరినట్టు.

నాకివాళ ఇరవై రెండో రోజు.
నలభై నిండేదాకా గడప దాటకూడదు.
కిటికీలోంచి కనిపించేది దండెం ఒక్కటే.
పాత కాంగా బట్టలు చించి కుట్టిన పొత్తిగుడ్డలు, పదకొండు,
మొన్నటినించీ అలాగే వేలాడుతున్నాయి.
పిండితే చుక్క రాదు.
చెంపకి ఆనిస్తే మాత్రం చల్లగా తగులుతాయి.
ఆరాయనీ అనలేను, తడనీ అనలేను.
అవే కట్టాను.

మా ఆయన ఫాకికి తన తడి తనది.
"పూత పూసిందా, లవంగం చచ్చినట్టే" అంటాడు.
మొగ్గ విచ్చకముందే కోయాలి,
కోసింది నాలుగెండల్లో నల్లబడాలి.
లేదా, తెల్లటి బూజు.
సర్కారు గిడ్డంగి గుమాస్తా
పిడికెడు తీసి చెవి దగ్గర గలగలలాడిస్తాడు.
మోగకపోతే
గోనె గోనెంతా పక్కకి తోస్తాడు.

ఇల్లు మొత్తానికి పొడిచోటు ఒకటే,
పొయ్యికి పైన, వాసాల కింద వేలాడే చాప.
అది లవంగాలది.

పిల్ల గజ్జల్లో ఎరుపు ముందు నేనే చూశాను.
అత్త కొబ్బరినూనె రాసింది.
పక్కింటి బికోంబో పౌడరు చల్లింది,
మడతల్లో అది తడిసి పిండిముద్దయింది.
ఎవరి కన్నో తగిలిందని
నుదుట కాటుక చుక్క ఇంకాస్త పెద్దది చేశారు.
నేనేం తిన్నానో లెక్క అడిగారు.
ఆక్టోపస్ కూర తిన్నానని ఒప్పుకున్నాను.
నిజానికి తినలేదు.
ఏదో ఒకటి ఒప్పుకుంటే
నిద్రపోనిస్తారని.

వేతె ఆస్పత్రినించి నర్సు మ్వాజుమా
విరిగిన గొడుగుతో వచ్చింది.
పిల్లని వెల్లకిలా వేసి దీపం దగ్గరికి జరిపి
"ఇదిగో, నడుమ పెద్ద దీవి,
చుట్టూ చిల్లర దీవులు.
ఒట్టి ఒరుపైతే మడత లోపలికి పోదమ్మా,
ఇది మడతల్లోనే కాపురం పెట్టింది.
బూజు" అంది.

వంగి చూశాను.
పుట్టినప్పటినించీ నేను దాటని పెంబా
నా కూతురి తొడమీద, ఎర్రగా,
గుండుసూది తలంతేసి లంకలతో సహా.

తర్వాత చిటికెనవేలితో పెదవి తెరిచింది.
"పాలైతే తుడిస్తే పోతాయి.
పోలేదు, చూడు. పూత."
ఆ మాటకి
గుమ్మంలో ఫాకి తలెత్తాడు.

నోటికి చుక్కలు, గజ్జలకి పల్చగా మందు,
నా రొమ్ములకీ రాసుకోమంది.
"కన్నూ కాదు, కూరా కాదు.
నీ పాల తప్పు అసలే కాదు.
తడికి పుట్టింది, గాలికి పోతుంది.
గుడ్డ పెళపెళలాడితే కట్టు,
లేదంటే బోసిగా వదిలేయ్."

"ఈ వానలో ఎక్కడ ఆరబెట్టమంటావ్?"
అత్త అడిగింది.
దానికి నర్సు సంచీలో మందు లేదు.
గొడుగు ఊచలు వంచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఎవరం ఏమీ అనుకోలేదు.
తెల్లారి చూద్దును కదా,
లవంగాలు వసారా మూల కుప్పగా ఉన్నాయి.
పొయ్యి పైన చాపమీద
వరసగా పదకొండు గుడ్డలు.
ఫాకి ఒక్కోటీ తీసి
చెవి దగ్గర పెట్టుకుని విదిలిస్తున్నాడు,
మోగుతుందేమో అన్నట్టు.

నవ్వొచ్చింది.
కుట్లు లాగాయి.

చిల్లర దీవులు ముందు మునిగాయి.
పెద్దది తొమ్మిదో రోజుదాకా మొండికేసింది,
అంచులు పొట్టురేగి, గులాబీ అయి,
ఒక పొద్దున వెతికితే దొరకలేదు.

లవంగాలు రెండు గోనెలు పోయాయి.
గిడ్డంగినించి చీకటిపడ్డాక వచ్చాడు.
ఎంతకి పోయాయో చెప్పలేదు, నేనడగలేదు.
చేతులు పొయ్యి దగ్గర కాచుకుని
వచ్చి నా పక్కన కూచుని
పిల్ల తొడమడత మెల్లిగా విప్పి
వేలి వెనకవైపుతో తాకి చూశాడు.

"ఆరింది" అన్నాడు.