పంపు గదిలో బల్బు

పొద్దున్న నాలుగున్నరకి
వెర్మాంట్ ఉత్తరపు కొసన, ఆల్డెన్ రస్క్ పాలకొట్టంలో
ఐదుగురం నిలబడ్డాం.
ముక్కులో వెంట్రుకలు బిగుసుకుపోయే చలి.
మాకు నేర్పే మనిషి ఓడెట్ లారివియేర్,
అరవై దాటింది, ఒకప్పుడు మోటార్లు చుట్టేది.

మేమూ చెప్పేవాళ్ళమే.
పన్నెండేళ్ళుగా నేను రైతులకి గడ్డి గురించి చెప్పాను,
మట్టికి ఎంత సున్నం కావాలో చెప్పాను.
కరెంటు గురించి నాకు తెలిసిందల్లా
స్విచ్చి వేస్తే వస్తుందని,
నెల తిరిగితే బిల్లొస్తుందని.

"ముందు చెవులు," అంది ఓడెట్. "మీటర్లు తర్వాత."
కళ్ళు మూసుకున్నాం.
వాక్యూం పంపు ఒకటే రొద.
పది ఆవులకి గొట్టాలు తగిలించినా అదే కేక,
ఒక్క ఆవు మిగిలినా అదే కేక.
"పక్కవాడికి చెబితే సరిపోయే మాటని
కొండవతలికి అరుస్తోంది, విన్నారా?"

తర్వాత చేతులు.
ఒక గొట్టంలో అప్పుడే పొదుగు దిగిన పాలు, ఒంటి వెచ్చన.
పక్క గొట్టంలో బావినీళ్ళు.
మధ్యన పుస్తకం పేజీల్లా సన్నటి రేకులు.
ఒకదాన్నొకటి తాకకుండానే
పాలు తమ వేడిని నీళ్ళకి అప్పజెప్పాలి,
ఆ గోరువెచ్చటి నీళ్ళు తొట్టిలోకి పోవాలి,
పాలిచ్చిన ఆవే వాటిని తాగాలి.
వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడంటే ఇదే కదా అనుకుంటుంటే
"ఈ రెండోదాంట్లో నీళ్ళు కదలట్లేదు," అంది థియా.
వాల్వు మూసేసి ఉంది.
కిందటేటి ముందేడు ఏదో మరమ్మతుకి మూశారట,
తెరవడం ఎవరికీ గుర్తులేదు.
అప్పట్నించీ ఫ్రిజ్ మోటారొక్కటే
పూటపూటా ఆ పాలతో కుస్తీ పడుతోంది.

థియాకి దొరికింది. నాకూ ఏదో ఒకటి దొరకాలి.

దొరికింది. పంపు గదిలో,
చూసేవాడెవడూ లేని చోట,
సాలెగూళ్ళ మధ్య వంద వాట్ల పాత బల్బు.
"రాత్రీ పగలూ వెలుగుతోంది," అని అందరినీ పిలిచి
గంటలు లెక్కగట్టాను, యూనిట్లు లెక్కగట్టాను,
డాలర్లు కాస్త గట్టిగానే చదివాను.
జేబులోంచి ఎల్‌ఈడీ తీశాను, కుందేల్ని తీసినట్టు.

అంతదాకా నోరు మెదపని ఆల్డెన్
చేతులు ప్యాంటుకి తుడుచుకుని అన్నాడు:
"అది వెలుగుకి కాదు బాబూ, వేడికి.
మా నాన్న పెట్టాడు.
అది మాడిపోయిన రాత్రి పంపు గడ్డకట్టింది.
తెల్లారేదాకా ఆవులు దాహంతో అరిచాయి."

హోలిస్ తన బూట్లకేసి చూసుకున్నాడు.
ఓడెట్ నవ్వలేదు, మందలించనూ లేదు.
నా చేతిలో ఫారం తిరగేసి
ఖాళీగా ఉన్న వెనకవైపు చూపించింది.
"ఇక్కడ రాయి. ఇది ఇక్కడెందుకుంది?
ఏ కొట్టంలోనైనా మొదటి ప్రశ్న అదే."
ఆల్డెన్‌తో, "ఇక పాఠం మీరు చెప్పండి," అంది.

ఇరవై నిమిషాలు చెప్పాడు.
గాలి ఏ మూల నించి దూరుతుందో,
ఏ పలక కింద మంచు పేరుకుంటుందో.
ఉత్తరపు గోడ పగులు దగ్గర అరచెయ్యి పెట్టమన్నాడు.
కత్తి.

మధ్యాహ్నానికి పగులు పూడ్చాం,
గొట్టానికి నురుగు తొడుగు చుట్టాం,
బల్బుకి చిన్న థర్మోస్టాట్ కట్టాం:
మరీ చలేస్తేనే వెలగమని.
బల్బుని మాత్రం ఎవరం ముట్టుకోలేదు.

డిసెంబరులో ఫోన్ చేశాడు.
ఎంత మిగిలిందని అడగబోతుంటే తనే అన్నాడు:
"నిన్న రాత్రి వెలిగింది, ఈ చలికాలంలో మొదటిసారి.
లేచెళ్ళి చూసొచ్చాను."
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
"ఆ తొడుగు ఒకచోట ఎలుక కొరికింది.
అదీ రాసుకో."

రాసుకున్నాను.
వెనకవైపు.