చిటికెడులో పాతిక సెంట్లు

గుణుపురం, మిల్లు వెనక,
ఊక కాలిన గుట్ట పక్కన
దాలినాయుడు అడిగాడు:
"ఏటమ్మా, బూడిద మూటగట్టుకుపోతన్నావు,
అంట్లు తోమడానికా?"
పేరులోనే దాలి ఉన్న మనిషి.
ఇరవై రెండేళ్లుగా బాయిలరు నోట్లో ఊక పోస్తున్నాడు,
మాట మధ్యలో దగ్గు, దగ్గు మధ్యలో మాట.

దీంట్లో ఇసక ఉంది నాయుడూ, అన్నాను.
వరిమొక్క వంశధార నీళ్లతో పాటు తాగి
గింజ చుట్టూ కట్టుకున్న గాజు గోడ.
నవ్వాడు.
ఊకదంపుడు అనుకున్నాడు కాబోలు.

కాలేజీలో మెట్ల కింద నా గది.
బూడిదని ఆమ్లంలో కడిగాను. ఇనుము పోయింది, పొటాషు పోయింది.
కాస్టిక్ సోడాలో మరిగిస్తే
కరిగి జావలా సాగింది.
అందులో సబ్బులాంటిదొకటి కలిపాను:
నీళ్లంటే పడని తోకల్ని లోపలికి ముడుచుకుని,
తలలు బయటపెట్టి,
కంటికి ఆనని గుంజలై నిలబడ్డాయి.
వాటి చుట్టూ సిలికా
పొట్లపాదులా అల్లుకుంది.

ఇక గుంజల్ని కాల్చెయ్యాలి.
అయిదువందల యాభై డిగ్రీలు, ఆరు గంటలు.
మొదటిసారి మూడో గంటకి కరెంటు పోయింది.
రెండోసారి పొయ్యి మీటరు అబద్ధమాడింది,
వేడెక్కువై గోడలన్నీ కూలాయి.
మూడోసారి, తెల్లారగట్ల తలుపు తీస్తే
సున్నం కన్నా తెల్లగా,
తుమ్మితే ఎగిరిపోయేంత తేలిగ్గా.

దేన్ని పట్టుకుని అల్లుకుందో అది లేదు.
అది ఉన్న చోటు ఉంది.
నాకు కావలసింది ఆ చోటే.

చిల్లంటే మనకి చిన్నచూపు.
చిల్లుగవ్వ అంటాం, జేబుకి చిల్లంటాం,
సూదికి బెజ్జముందని జల్లెడ నవ్విందట అంటాం.
ఇక్కడ విలువంతా చిల్లుదే.
ఒక్క గ్రాము పొడిలో
గోడలన్నీ విప్పి పరిస్తే పాతిక సెంట్ల నేల.

ఈ మాటకి మాత్రం దాలినాయుడు నవ్వలేదు.
అరచెయ్యి చాచాడు. చిటికెడు పోశాను.
"పాతిక డిసిమిళ్లా?" అన్నాడు, ఇక్కడి లెక్కలో.
"రాయగడ కచేరీ చుట్టూ పదకొండేళ్లు తిరిగినా
పట్టా రాని పాతిక, ఇదేనేటి?"
ఎగిరిపోతుందేమోనని
ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

ఆ నేలలో ఆమ్లాన్ని నాటితే
మాడిన నూనె ఇంజనుకి పనికొచ్చే నూనెగా మారింది,
ఆమ్లం మళ్లీ మళ్లీ పనికి నిలబడింది.
గొట్టంలో నింపి, రంగుల షెడ్డు నీళ్లు ఎర్రగా పోస్తే
కింద తేటగా దిగాయి.
ఇవి రాసుకోడానికి బావుంటాయి.

ఇంకో సంగతి ఉంది, నాకు నచ్చనిది.
బాయిలరు మరీ మండితే ఇదే సిలికా
గట్టిపడి స్ఫటికమవుతుంది.
ఊపిరితిత్తుల్లో దిగిందా, దిగినట్టే.
బరంపురం డాక్టరు నాకూ చూపించాడు
దాలినాయుడి ఎక్స్‌రేలో తెల్లటి చుక్కలు.
ఒకే బూడిద.
ఒక వేడి దగ్గర ఇల్లు, ఇంకో వేడి దగ్గర ముల్లు.

ఈ రాత్రి ఆ చిల్లుల్లో
వాపు తగ్గించే మందు నింపి
ఉప్పునీళ్ల గ్లాసులో వదిలాను.
గంటకోసారి చుక్క తీసి చూస్తున్నాను.
పదికి కొంచెం. రెండుకి ఇంకొంచెం.
దానికి తొందర లేదు,
మడవలోంచి మడిలోకి నీరు జారినట్టు
తన పని తను చేసుకుంటోంది.
నాకే తొందర.
ఇది ఇంకా ఎలుక దాకా కూడా వెళ్లలేదు.
మనిషి దాకా ఎన్నేళ్లో, ఏ పేరుతోనో, ఏ ధరకో.
నాయుడికి ఇదీ చెప్పాను, దాచలేదు.

"సర్లెమ్మా," అన్నాడు
తువ్వాలు ముక్కుకి బిగించుకుంటూ
(నేనిచ్చిన మాస్కు జేబులోనే ఉంది, మడత విప్పకుండా).
"ఈ మారు ఊక నిమ్మళంగా మండిత్తాను.
నీ గోడలు కూలకుండా."